వంతగాడు లేని పాఠం

పోడు అంటే ఏమిటో తెలియకుండానే పోడు గురించి ఐదు మార్కుల జవాబు రాసిన పిల్లలు నాకు తెలుసు. నేను పల్నాడులో ఒక జడ్పీ హైస్కూల్లో సోషల్ చెబుతాను. కొన్నేళ్ల కిందట తొమ్మిదో తరగతికి పరీక్ష పెట్టి, మన్యం తిరుగుబాటుకు కారణాలు రాయమంటే దాదాపు అందరూ పొల్లు పోకుండా రాశారు. పోడు మీద ఆంక్షలు, అటవీ చట్టం, వెట్టిచాకిరీ, అధికారుల దౌర్జన్యం. పేపర్లు తిరిగి ఇస్తూ మాటవరసకి ముందు బెంచీ అమ్మాయిని "ఇంతకీ పోడంటే ఏంటమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల లేచి నిలబడి, గోడకున్న పటం వైపు చూసి, చాలాసేపు ఆలోచించి, "ఆంక్షలు సార్" అంది. ఎవరూ నవ్వలేదు. నవ్వాలంటే అసలు జవాబు తెలిసుండాలి కదా.

పాఠం చెప్పింది నేనే. కొండవాలులో చెట్లు కొట్టి, కాల్చి, ఆ బూడిద నేలలో గింజలు చల్లుకునే సేద్యం అని ఒక వాక్యంలో చెప్పే ఉంటాను. కానీ ఆ వాక్యం కావాలని వాళ్లెవరూ అడగలేదు. అడగకుండా వచ్చిన జవాబు కాబట్టి అది నోటుబుక్కులోకి వెళ్లింది గానీ పిల్లల్లోకి వెళ్లలేదు.

ఆ ఏడే స్కూలు వార్షికోత్సవానికి అల్లూరి సీతారామరాజు బుర్రకథ వేయిద్దామని ముగ్గురు కుర్రాళ్లను తయారు చేస్తున్నాను. రిహార్సల్ రెండో రోజు, కథకుడి పక్కన నిలబడి వంత పాడే ఇద్దరిలో హాస్యం వేస్తున్నవాడు కథకుణ్ణి మధ్యలో ఆపేశాడు. "ఆగన్నా ఆగు. ఇందాకట్నించీ పోడు పోడు అంటన్నావ్. ఏందన్నా ఆ పోడు?" అన్నాడు. నేను రాసిచ్చిన కాగితంలో ఆ మాట లేదు. హాస్యగాడంటే అడ్డుపడాలని నేను చెప్పాను, వాడు నిజంగానే అడ్డుపడ్డాడు. కథకుడు వేసిన పిల్లాడికి జవాబు తెలీదు. ఇద్దరూ నా వైపు తిరిగారు. అప్పటిదాకా వరండాలో కబుర్లు చెప్పుకుంటున్న మిగతా పిల్లలు కూడా తిరిగారు. ఆ రోజు పోడు గురించి అరగంట చెప్పాను. ఈసారి ఎవరూ మర్చిపోలేదు.

హాస్యంతో, పాటతో చరిత్ర చెప్పాలని ఇప్పుడు చాలామంది అంటున్నారు. నేనూ అదే అంటాను. కానీ ఎందుకు అన్న దగ్గర నా మాట వేరు. పాఠం చేదు మాత్ర అనీ, పాట దానికి పూసిన బెల్లం అనీ అనుకుని మొదలుపెడితే పిల్లలు బెల్లం నాకి మాత్ర ఉమ్మేస్తారు. హాస్యగాడి పని మనల్ని కాసేపు నవ్వించి పోవడమే అయితే వాడు లేకపోయినా చరిత్రకు నష్టం లేదు. మన పెద్దవాళ్లు వాణ్ణి కథకుడి పక్కన నిలబెట్టింది అడగడానికి. అందరి ముందూ "నాకు తెలీదు" అని ఒప్పుకోగల మనిషి వాడొక్కడే. మన క్లాసురూముల్లో ఆ మనిషి లేడు.

నేను మొదట బుర్రకథ విన్నది తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో, శ్రీరామనవమి పందిట్లో. ఏడెనిమిదేళ్లుంటాయి. గోనెపట్టా మీద మా మామయ్య ఒళ్లో తలపెట్టుకుని పడుకున్నాను. మధ్యలో కథకుడు. తలపాగా, నిలువుటంగీ, కాళ్లకు గజ్జెలు, భుజాన తంబూర. కుడిచేతి బొటనవేలికి ఒక అందె, వేళ్ల సందున ఇంకో అందె. అవి లోపల బోలుగా ఉంటాయి, అందులో చిన్న గుండ్లుంటాయి. రెండూ కొట్టుకుంటే వచ్చే చప్పుడు గజ్జెల చప్పుడులా మెత్తగా ఉండదు, పళ్లు కొరికినట్టు గట్టిగా ఉంటుంది. అటొకరు ఇటొకరు గుమ్మెటలనే చిన్న డోళ్లు వేసుకుని ఇద్దరు వంతగాళ్లు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథకుడు ఒక చరణం అని అడుగు ముందుకేస్తే ఇద్దరూ "తందాన తాన" అని అందుకుంటారు.

ఆ రాత్రి కథ బొబ్బిలి యుద్ధం. ఎత్తుగడలోనే విజయనగరం విజయరామరాజు, బొబ్బిలి రంగారావు, బుస్సీ దొర అని ముగ్గురి పేర్లూ గబగబా వచ్చేశాయి. నాకేం అర్థం కాలేదు. చుట్టూ ఉన్న పెద్దవాళ్లకు కూడా అర్థం కాలేదని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు హాస్యగాడు గుమ్మెట మీద టక్కున ఒక దెబ్బ వేసి ఆపాడు. నాకు గుర్తున్నంతలో ఆ మాటలు ఇలా సాగాయి.

"ఆగన్నా. వాళ్లిద్దరూ పక్కపక్క ఊళ్లవాళ్లు. వాళ్లకీ వాళ్లకీ తగువు. మధ్యలో ఈ తెల్లోడెవడు? ఈడికిక్కడేం పని?"

"ఈ ఊళ్లన్నీ వాడికి రాసిచ్చేశార్రా తమ్ముడూ."

"ఎవరిచ్చారు?"

"హైదరాబాదు నిజాం."

"మరి ఊళ్లోవాళ్లనడిగే ఇచ్చాడా?"

పందిరంతా గొల్లుమంది. మా మామయ్య పొట్ట కదిలి నా తల ఎగిరిపడింది. నిద్ర పోయింది. ఆ తర్వాత కథకుడు నెమ్మదిగా, పాట ఆపి, వచనంలో చెప్పాడు. నిజాం సలాబత్ జంగ్ తన దగ్గరున్న ఫ్రెంచి సైన్యం ఖర్చుల కింద 1753లో ఉత్తర సర్కారులను వాళ్లకు అప్పగించడం, వాళ్ల సేనాని బుస్సీ శిస్తు వసూలు పనిని విజయరామరాజుకు గుత్తకివ్వడం, దాంతో విజయరామరాజుకు పాత పగ తీర్చుకునే దారి దొరకడం. ఇప్పుడు చెబితే ఇవి మూడు వాక్యాలు. ఆ రాత్రి అది ఒక ప్రశ్నకు జవాబు. అందుకే నలభై ఏళ్ల తర్వాత కూడా నాకు ఆ గుత్త సంగతి గుర్తుంది. బొబ్బిలి కోట పడింది 1757 జనవరి 24న. డిగ్రీలో ప్లాసీ యుద్ధం చదువుతుంటే తేదీ చూసి ఉలిక్కిపడ్డాను. 1757 జూన్ 23. ఐదు నెలల తేడా. బెంగాల్లో క్లైవు గెలిచిన ఆ జూన్‌లోనే విశాఖపట్నంలో ఇంగ్లీషువాళ్ల స్థావరాన్ని బుస్సీ పట్టుకున్నాడు. మా పుస్తకంలో ప్లాసీ ఒక పాఠం, బొబ్బిలి ఎక్కడా లేదు. రెండూ ఫ్రెంచివాళ్లకూ ఇంగ్లీషువాళ్లకూ మధ్య నడిచిన ఒకే గొడవలో రెండు కొసలని నాకు తట్టడానికి కారణం ఆ గుమ్మెట దెబ్బ. తెల్లవాడికి ఇక్కడేం పని అన్న ప్రశ్న అప్పటికే నాలో ఉంది కాబట్టి.

రాజకీయం వంత గురించి కూడా చెప్పాలి. హాస్యగాడు "ఎందుకు" అని అడుగుతాడు. రాజకీయం చెప్పేవాడు "మరి మన ఊళ్లో?" అంటాడు. కథలో రాజు శిస్తు పెంచితే, వీడు ఈ ఏడు నీటితీరువా సంగతి ఎత్తుతాడు. అంటే కథ చెప్పేవాడు ఒకడు, దాన్ని సందేహించేవాడు ఒకడు, దాన్ని ఇవాళ్టికి తెచ్చేవాడు ఒకడు. చరిత్ర చెప్పడానికి ఒక మనిషి చాలడని ఈ కళకు తెలుసు. మన పాఠ్యపుస్తకం మధ్యవాణ్ణి మాత్రం ఉంచుకుని పక్కవాళ్లిద్దర్నీ ఇంటికి పంపేసింది. టీచరు ఆ ఒంటరి కథకుడిలా నలభై నిమిషాలు ఊపిరి సలపకుండా చెప్పుకుపోతుంటే, తందాన తాన అనేవాళ్లు లేక పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తారు.

ఇది చిన్నపిల్లల వ్యవహారం అనుకునేవాళ్లు 1940ల సంగతి చూడాలి. పాత జంగం కథల ఒరవడిని తీసుకుని బుర్రకథను ఊరూరా రాజకీయ చదువుగా మార్చిన కాలం అది. కమ్యూనిస్టు ఉద్యమంతో నడిచిన కళాకారుల సంఘం ప్రజానాట్యమండలి 1943లో మొదలైంది. అప్పటికి జనంలో ఎక్కువమందికి అక్షరం రాదు. 1951 జనాభా లెక్కల్లోనే దేశంలో చదువొచ్చినవాళ్లు నూటికి 18 మంది. అలాంటి ఊళ్లలో టాన్యా కథ చెప్పారు. 1941 నవంబరులో మాస్కో దగ్గర ఒక పల్లెలో జర్మన్ సైనికులు ఉరితీసిన పద్దెనిమిదేళ్ల సోవియట్ అమ్మాయి ఆమె. పేపరు చదవలేని ఒక రైతు కూలీకి, వేల మైళ్ల అవతల, తన జీవితకాలంలోనే జరిగిన చరిత్ర అందింది. ఆ కథలో హాస్యగాడు "మాస్కో అంటే మాచర్ల కంటే దూరమా అన్నా?" అని ఉంటాడని నేను ఊహించుకుంటాను. ఆ ప్రశ్న లేకుండా ఆ దూరం ఎవరికి తెలుస్తుంది?

ఈ పనిలో అందరికంటే పెద్ద పేరు షేక్ నాజర్‌ది. 1920లో గుంటూరు దగ్గర పొన్నెకల్లులో, దూదేకుల ఇంట్లో పుట్టారు. తన కులవృత్తి పేరునే తన ఆత్మకథకు పేరుగా పెట్టుకున్నారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో పోయారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి కథ, వీటన్నిటినీ ఆయన గొంతులో విన్న పెద్దవాళ్లు మా ప్రాంతంలో ఇంకా ఉన్నారు. 1954లో వచ్చిన అగ్గిరాముడు సినిమాలో ఆయన చెప్పిన అల్లూరి బుర్రకథను నేను పిల్లలకు చూపిస్తుంటాను. ఒక్క క్షణంలో గొంతు ఎలా తిరుగుతుందో చూడమంటాను. రౌద్రంలో ఉన్న మనిషి మరుక్షణం తల్లిలా మాట్లాడతాడు, అడుగు మాత్రం తాళం తప్పదు. పల్నాటి వీరుల కథను ఒక దూదేకుల ఇంటి బిడ్డ చెబితే ఊళ్లకు ఊళ్లు కదిలి వచ్చి విన్నాయి. చరిత్ర మా కులానిది, మా మతానిది అని ఇప్పుడు కొట్టుకునేవాళ్లకు నేను ముందు చెప్పేది ఈ సంగతే.

నాజర్ బెంగాలు కరువు మీద కూడా కథ చెప్పారు. 1943లో బెంగాల్లో ముప్పై లక్షలమంది దాకా తిండి లేక, రోగాలొచ్చి చచ్చిపోయారు. ఇక్కడ ఊళ్లలో కథ చెప్పి, వాళ్ల కోసం చందాలు పోగుచేశారు. ఆకలి చావుల కథలో హాస్యగాడికి ఏం పని అని నన్ను ఒక తోటి టీచరు అడిగాడు. మంచి ప్రశ్న. ఆకలితో ఉన్నవాడి మీద నవ్వు పుట్టదు, పుట్టకూడదు. బియ్యం దాచినవాడి మీద పుడుతుంది. ధర ఇంకా పెరగాలని దేవుడికి కొబ్బరికాయ కొట్టేవాడి మీద పుడుతుంది. అలాంటివాణ్ణి హాస్యగాడు అనుకరించి చూపిస్తే, కరువంటే వానలు పడకపోవడమే అని నమ్మే మనిషికి ఇంకో సంగతి తెలుస్తుంది. గిడ్డంగిలో బియ్యం ఉండగానే జనం చనిపోవచ్చు. ఇంత పెద్ద ఆర్థిక విషయాన్ని నేను క్లాసులో మూడు పీరియడ్లు చెప్పినా అంత తేలిగ్గా దిగదు.

మోటూరి ఉదయం అనే ఆమె నడిపిన మహిళల బుర్రకథ దళం ఆ రోజుల్లోనే గుమ్మెటలు పట్టి వేదికెక్కింది. ఆడవాళ్లు గజ్జె కట్టి ఊరి నడుమ రాజకీయం మాట్లాడితే జనం ఎన్ని మాటలని ఉంటారో ఊహించుకోవచ్చు. తెలంగాణలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల బాణీని అందుకుని దొరల మీద, నిజాం మీద జనాన్ని కదిలించారు. అటు మద్రాసు ప్రభుత్వం, ఇటు నిజాం ప్రభుత్వం ఈ కథల మీద నిషేధాలు పెట్టాయి. పుస్తకాన్ని నిషేధించడం మామూలే. తంబూరనూ రెండు గుమ్మెటలనూ నిషేధించారంటే వాటి పని వాళ్లకు బాగానే అర్థమైందన్నమాట.

ఇక నావైపు తప్పు చెప్పాలి. మొదటి ఏడాది మా బుర్రకథ బాగా పేలింది. చప్పట్లు, ఈలలు. హాస్యం వేసిన కుర్రాడు ఉత్సాహం ఎక్కువై, మన్యం మనిషి మాట్లాడినట్టు ముద్దముద్దగా ఏదో మాట్లాడి, ఆకులు కట్టుకున్నట్టు నడుం ఊపి చూపించాడు. కాగితంలో అది లేదు. అయినా నేను ఆపలేదు. జనం నవ్వుతున్నారు కాబట్టి ఆపలేదు. వేదిక కింద ఎడమవైపు మూడో వరసలో మా హాస్టల్ పిల్లలు కూర్చున్నారు. వాళ్లలో లంబాడీ తండా నుంచి వచ్చిన ఎనిమిదో తరగతి కుర్రాడొకడు ఉన్నాడు. వాడు నవ్వలేదు. చెప్పు కొసతో నేల మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు. పక్కనున్నవాడు వాడి భుజం మీద చరిచి, వేదిక వైపు చూపించి, మళ్లీ వాడి వైపు చూపించి నవ్వాడు. వాడు అప్పుడు కూడా తలెత్తలేదు.

ఆ గీతలు నేను మర్చిపోలేదు. కొండవాళ్లకు జరిగిన అన్యాయం చెప్పడానికి కట్టిన కథలో కొండవాళ్లనే నవ్వులపాలు చేశాం. హాస్యంతో చరిత్ర చెప్పడంలో ఉన్న అసలు ప్రమాదం ఇదే. వార్షికోత్సవానికి వచ్చిన పెద్దలొకరు చరిత్ర వెకిలి అవుతుందని ఆ సాయంత్రమే నన్ను మందలించారు గానీ, ఆయన బాధ వేరు. మహానుభావుల కథలో జోకులేమిటని ఆయన అభ్యంతరం. సీతారామరాజుకు జోకుతో వచ్చే నష్టం ఏమీ లేదు. చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకెళ్తూ, ఏమేం తీసుకెళ్తున్నదీ పుస్తకంలో రాసి సంతకం పెట్టి వెళ్లాడని జనం చెప్పుకుంటారు. హాస్యగాడికి ఇంతకంటే ఏం కావాలి? "దోచుకెళ్లి రసీదిచ్చాడా అన్నా!" అంటే పిల్లలు నవ్వుతారు, నవ్వుతూనే ఆ మనిషి ధైర్యం ఎంతో గ్రహిస్తారు. నష్టమంతా మూడో వరసలో కూర్చున్నవాడికి. ఆ మర్నాడు వాడి దగ్గరికెళ్లి తప్పయిందని చెప్పాను. "ఏం లేదులే సార్" అన్నాడు. ఆ మాట ఇంకా బాధపెట్టింది.

ఆ తర్వాత నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. కథ రాసేముందు హాస్యగాడి ప్రశ్నలు రాస్తాం. పిల్లలే రాస్తారు. తెలియనిది ఏదైనా అడగొచ్చు. ఒక ఏడాది మన్యం కథకు నలభైకి పైగా ప్రశ్నలొచ్చాయి. ముఠాదారు అంటే ఎవరు? పితూరీ అంటే ఏంటి? చిగురు పన్ను అంటే చెట్టు చిగురు మీద పన్నా? ఈ చిగురు పన్ను కల్లు గీత మీద వేసింది, 1879 నాటి రంప పితూరీకి ఒక కారణం అదే అని తెలిసేసరికి పిల్లలకు ఎక్కడలేని హుషారొచ్చింది. సీతారామరాజు కంటే నలభై ఏళ్ల ముందే అక్కడ ఒక తిరుగుబాటు జరిగిందని, 1882 మద్రాసు అటవీ చట్టం ఆ తర్వాత వచ్చి ఉరి ఇంకా బిగించిందని, ఒక్కడు వచ్చి నిప్పు పెట్టలేదని, నిప్పు అప్పటికే ఉందని, ఆ ప్రశ్న పట్టుకుని లాగితే అంతా బయటికొచ్చింది. ప్రతి ప్రశ్నకూ పుస్తకంలోంచో, లైబ్రరీలోంచో జవాబు తేవాలి. జవాబు దొరకని ప్రశ్నను కూడా కథలో ఉంచుతాం. కథకుడు తంబూర మీద వేలు ఆపి, "అది నాకూ తెలీదురా తమ్ముడూ" అంటాడు. జనం ఆ మాటకు చెవులు రిక్కిస్తారు.

నవ్వు ఎవరి మీద అన్నది రెండో కట్టడి. పైవాడి మీద, లేదా వేదిక మీదున్న మన మీద. దెబ్బ తిన్నవాడి మీద కాదు.

చావు దగ్గర హాస్యగాడు మాట్లాడడు. ఇది మేం కనిపెట్టింది కాదు, మా ఊరి పక్కన ఒక పాత వంతగాడు చెప్పాడు. ఆయన వయసిప్పుడు ఎనభై దాటింది. 1924 మే 7న కొయ్యూరులో సీతారామరాజును చెట్టుకు కట్టి కాల్చిన ఘట్టం వచ్చినప్పుడు హాస్యగాడు గుమ్మెట నేల మీద పెట్టేయాలన్నాడు. "అప్పటిదాకా నవ్వించినోడు ఊరుకుంటే జనం గుండె ఆగుద్దయ్యా" అన్నాడు. రిహార్సల్లో ఆ గుమ్మెట నేలకు ఆనిన చిన్న చప్పుడు విన్నప్పుడు నాకు ఆయన మాట అర్థమైంది.

పాట అబద్ధమాడుతుంది కదా అని అడిగేవాళ్లున్నారు. ఆడుతుంది. బొబ్బిలి కథలో విజయరామరాజును గుడారంలోకి దూరి చంపింది తాండ్ర పాపారాయుడు. ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ మాత్రం రంగారావు సైనికులు నలుగురు శపథం పట్టారని, అందులో ఇద్దరు గుడారంలోకి వెళ్లారని రాశాడు. పాట నలుగుర్ని ఒక్కడిగా చేస్తుంది, ఆ ఒక్కణ్ణి పులిని చేస్తుంది. మా పల్నాడులో ఇంకా పెద్ద ముడి ఉంది. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు వీరుల ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. పన్నెండో శతాబ్దం నాటి ఒక దాయాదుల యుద్ధాన్ని ఊరు ఊరంతా ఏటా రోజువారీగా మళ్లీ నడిచి చూపించడం ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలీదు. ఆ యుద్ధంలో ఒక పక్షం మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి పెట్టిన చాపకూడు మాకు ఇప్పటికీ ప్రసాదం. మాల కన్నమదాసు సేనాని అని మా పిల్లలకు పుస్తకం చెప్పకముందే తెలుసు. ఇవన్నీ పాట దాచిపెట్టిన సంపద.

కానీ అదే పాట ఎదుటి పక్షం మంత్రి నాగమ్మను విలన్ చేసి పెట్టింది. కోడిపందెంలో మోసం, రాయబారిని చంపించడం, అన్నీ ఆమె ఖాతాలోనే. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఒక ఆడమనిషి మంత్రిగా రాజ్యం నడిపింది అన్న మాట ఆ తిట్ల కింద కూరుకుపోయింది. మా ఊళ్లల్లో గడుసు ఆడపిల్లను ఇప్పటికీ "నాయకురాలు నాగమ్మ" అని దెప్పుతారు.

పాట అబద్ధమాడుతుందని పాటను వదిలేస్తే ఊళ్లలో అది ఆగదు, క్లాసులో ఎదురుప్రశ్న లేకుండా పోతుంది, అంతే. అందుకే పల్నాటి కథ చేసిన ఏడాది హాస్యం పాత్ర ఒక అమ్మాయికిచ్చాం. కథకుడు నాగమ్మ కుతంత్రాలు ఏకరువు పెడుతుంటే ఆ పిల్ల గుమ్మెట కొట్టి ఆపింది. "అన్నా, ఈ కథ కట్టినోళ్లు ఎవరి వైపోళ్లు?" అంది. పెద్దవాళ్లు కొందరు మొహం చిట్లించారు. మర్నాటి నుంచి మూడు రోజులు మా తొమ్మిదో తరగతిలో అదే గొడవ. గెలిచినోళ్ల కథా, ఓడినోళ్ల కథా, నాగమ్మ తరఫున ఎవరైనా పాడారా, పాడితే ఆ పాట ఏమైంది. ఆధారం అంటే ఏమిటో, దానికి పక్షం ఉంటుందని ఎలా తెలుసుకోవాలో, ఇంతకంటే బాగా నేను ఎప్పుడూ చెప్పలేకపోయాను. నాజర్ గొంతుకు, పల్నాటి వీరుల కథ పాడే వీరవిద్యావంతుల పాటకు మేం చేతులెత్తి మొక్కుతాం. మొక్కుతూనే అడుగుతాం. అడిగేవాడికి వేదిక మీదే చోటిచ్చిన కళ కాబట్టి అది అవమానం కాదు.

ఈమధ్య కోచింగుల్లో, ఫోన్లలో సినిమా బాణీలకు రాజుల పేర్లూ తేదీలూ కట్టి పాడుతున్నారు. పరీక్ష టెన్షన్లో ఉన్న పిల్లకు అది ఊరటే, నేను తప్పుపట్టను. అయితే అందులో వంతగాడు లేడు. ఆ పాట విన్న పిల్ల ఎవరి తర్వాత ఎవరో చెబుతుంది. ఎవరిని ఎవరు ఎందుకు దించారో అడిగితే ఆగిపోతుంది.

ఇంకో సంగతి చెప్పి ఆపుతాను. గీతలు గీసిన ఆ తండా కుర్రాడు తర్వాతి ఏడాది తనంతట తానే వచ్చి హాస్యం వేస్తానన్నాడు. ఎందుకని నేను అడగలేదు. ప్రశ్నల జాబితాలో వాడిది ఒకటే ప్రశ్న. మన్యంలో నర్సీపట్నం నుంచి లంబసింగి దాకా రోడ్డు వేయించినప్పుడు, కూలికి రోజుకు ఆరణాలు రావాల్సి ఉంటే అణానో రెండణాలో చేతికొచ్చేవని, తహసీల్దారు బాస్టియన్ మీద జనానికి ఉన్న కోపానికి అదొక కారణమని పాఠంలో చదివాడు. మిగతావి ఎటుపోయాయి అన్నది వాడి ప్రశ్న.

ఫిబ్రవరిలో, లంబాడీలు కొలిచే సేవాలాల్ జయంతికి వాళ్ల తండావాళ్లు కథ చెప్పమని పిలిచారు. గుడి ముందు ట్రాక్టరు లైట్ల వెలుగులో, కింద పట్టాలు పరిచి మొదలుపెట్టాం. రోడ్డు ఘట్టం వచ్చింది. వాడు కథకుణ్ణి ఆపాడు. చెయ్యి పైకెత్తి, ఒక్కో వేలూ ముడుస్తూ లెక్కపెట్టాడు.

"ఆరణాలన్నా. రెండు నాకిచ్చారు. నాలుగు కనపట్లేదు. రోడ్డు కింద పడిపోయాయంటావా? తవ్వి చూడమంటావా?"

పార పట్టుకున్నట్టు వంగి తవ్వబోయాడు. తండా అంతా నవ్వింది. ఆ నవ్వుల్లోంచి ముందు వరసలో కూర్చున్న ముసలామె, చేతులకు మోచేతిదాకా గాజులు, గట్టిగా అంది: "కరువు పనిలో మాకూ అంతేగదరా నాయనా."

నవ్వు ఒక్కసారిగా ఆగింది. తర్వాతి మాట రాజకీయం వేసిన అమ్మాయిది. ఆ పిల్ల తన మాట మర్చిపోయి ఆమె వైపే చూస్తూ నిలబడింది. కథకుడు నా వైపు చూశాడు. నేనేమీ సైగ చేయలేదు. వాడు తంబూర భుజం మీంచి దించి, ఒక అడుగు ముందుకేసి, "చెప్పవ్వా, మీకెన్ని పోయాయి?" అన్నాడు.